పుట్టింటి పేరూ, మెట్టినింటి పేరూ



ఎండ కాస్త తగ్గాక, సాయంత్రం కూరల సంచీ పట్టుకుని బయలుదేరినప్పుడు, ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా ఏ కాలనీ సందులోకైనా తిరిగి, గేట్ల మీది బోర్డులు చదువుకుంటూ నడిచి చూడండి. తెలుగుదేశమంతా ఒక చుట్టు చుట్టి వచ్చినట్టుంటుంది. ఒక గేటు మీద కందుకూరి, దాని పక్క గేటు మీద పాలకుర్తి, ఎదురింటి మీద వేములవాడ, సందు మలుపులో టంగుటూరి. 1961లో జియోఫిజిక్స్ పరిశోధనా సంస్థ ఏర్పడి ఉప్పల్ రోడ్డు మీద స్థిరపడింది. సర్వే ఆఫ్ ఇండియా వచ్చింది. నాచారంలో ఫ్యాక్టరీలు లేచాయి. ఉద్యోగాలతోపాటు అన్ని జిల్లాల వాళ్ళూ వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే కదా! తాతముత్తాతలు వదిలివచ్చిన ఊళ్ళన్నీ ఇప్పుడు మన గేట్ల మీద ఇత్తడి అక్షరాలై కూర్చున్నాయన్న మాట.

అయితే ఆ గేటు లోపల, బీరువా అడుగున, పాత చీరల మధ్య ఒక కాగితం వుంటుంది. అది ఆ ఇల్లాలి పదో తరగతి సర్టిఫికెట్టు. దాని మీద ఇంకో ఊరి పేరు వుంటుంది. గేటు మీద పేరు ఆమె ఎన్నడూ చూడని ఊరిది కావచ్చు. కాగితం మీది పేరు ఆమె పుట్టి పెరిగిన ఇంటిది.

"పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా ఆంటీ?" అని ఈ కాలపు ఆడపిల్లలు అడుగుతున్నారు. "మార్చుకోక? తరతరాలుగా వస్తున్న ఆచారం!" అని పెద్దవాళ్ళు కసురుతున్నారు. ఆ తరాలెన్నో కాస్త లెక్కపెట్టి చూద్దామని నాకు అనిపించింది. ఇవాళ మీతో చెప్పదలచుకున్నది ఆ లెక్కే.

మొదట మన ఇళ్ళల్లో జరిగేదేమిటో చూద్దాం. కన్యాదానం వేళ పురోహితుడు రెండు వైపులా మూడేసి తరాల పేర్లు చదువుతాడు. అప్పటి నుంచి పిల్ల గోత్రం మారిందంటారు. గోత్రంతోపాటు ఇంటిపేరూ మారిందంటారు. గోత్రాలు పెద్దగా పట్టించుకోని కులాల్లో కూడా ఇంటిపేరుకి పట్టింపు వుంది. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. అంటే ఇంటిపేరన్నది పిలుచుకోవడానికి మాత్రమే పెట్టుకున్నది కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే గుర్తు అది.

ఈ ఏర్పాటులో ఒక తమాషా వుంది, మీరెప్పుడైనా గమనించారా? మేనరికం చేసుకున్న ఇళ్ళల్లో, మేనమామ కొడుకుని చేసుకున్న పిల్లకి పెళ్ళితో వచ్చే ఇంటిపేరు ఏది? వాళ్ళమ్మ పెళ్ళినాడు వదులుకున్న పేరే! తల్లి ఏ గడప దాటి వచ్చిందో కూతురు ఆ గడపలోకే కుడికాలు పెట్టి తిరిగి వెళుతుంది. అమ్మమ్మే అత్తగారికి అత్తగారవుతుంది. రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు పిల్లల ఆరోగ్యానికి మంచివి కావని డాక్టర్లు చెబుతున్నారు, ఆ మాట వినవలసిందే. నేను చెబుతున్నది పేరు సంగతి మాత్రమే. మన తెలుగువాళ్ళకి ఆడపిల్ల పేరు ఒక ఇంటి నుంచి బయలుదేరి తిరిగిరాకుండా పోయే పేరు కాదు, వెళ్ళి మళ్ళీ వచ్చే పేరుగా కూడా వుండేది.

ఇది ఎంత పాతదో తెలుసుకోవాలంటే నాగార్జునకొండ దాకా వెళ్ళాలి. సాగర్ డ్యాము చూడడానికి పిల్లల్ని తీసుకుని లాంచీలో వెళ్ళినవాళ్ళు మనలో చాలామంది వుంటారు. ఆ ద్వీపం మీది మ్యూజియంలో వున్న రాళ్ళు ఇక్ష్వాకు రాజుల నాటివి, అంటే మూడో శతాబ్దపు మాట. ఆ రాతల్లో రాజుల కన్నా రాణులూ, రాజుగారి అక్కచెల్లెళ్ళూ ఎక్కువగా మాట్లాడతారు. బౌద్ధులకు దానాలు చేసింది ఎక్కువగా వాళ్ళే. వీరపురుషదత్తుడనే రాజు తన మేనత్త హమ్మశ్రీ కూతుళ్ళను ఇద్దరిని పెళ్ళి చేసుకున్నాడు. మేనరికం అంత పాతది. ఇంకో మేనత్త చాంతిశ్రీ మహాచైత్యానికి పెద్ద దానాలు చేసింది. ఆమె తన దానశాసనాల్లో తనని గురించి ఎలా చెప్పుకుందో చూడండి. ఫలానా పూకియ వంశపు మహాతలవరుడికి భార్యనని చెప్పింది. అక్కడితో ఆగలేదు. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువునని కూడా చెప్పింది. మెట్టినిల్లు, పుట్టినిల్లు, రెండూ ఒకే రాతి మీద చెక్కించింది. ఏది వదులుకోవాలన్న ప్రశ్నే ఆమెకి వచ్చినట్టు లేదు.

ఇంకా వెనక్కి వెళితే శాతవాహనులు. గౌతమీపుత్ర శాతకర్ణి అని చిన్నప్పుడు బడిలో అందరం బట్టీ పట్టినవాళ్ళమే. సినిమా కూడా చూశాం. గౌతమీపుత్రుడంటే గౌతమి కొడుకు. ఆ తల్లి పేరు బలశ్రీ. ఆమెని గౌతమి అన్నది గౌతమ గోత్రంలో పుట్టింది కాబట్టి. ఆమె మనుమడు పులుమావి వాసిష్ఠీపుత్రుడు, అంటే వాసిష్ఠ గోత్రపు పిల్ల కొడుకు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పెళ్ళితోనే గోత్రం మారిపోయేటట్టయితే, కొడుకు రాజై పేరు ప్రఖ్యాతులు సంపాదించేనాటికి బలశ్రీ ఇంకా గౌతమి ఎలా అయింది? పుట్టింటి గోత్రం ఆమెకి జీవితాంతం వుంది. అంతే కాదు, కొడుకు పేరుకి ముందు అది కూర్చుంది. మనుమడి పందొమ్మిదో పాలనా సంవత్సరంలో నాసిక్ గుహలో ఆ ముసలమ్మ వేయించిన శాసనం వల్లనే శాతకర్ణి గొప్పతనం లోకానికి ఇంత వివరంగా తెలిసింది. రాజ్యం మటుకు తండ్రి నుంచి కొడుక్కే పోయింది, అందులో సందేహం లేదు. ఆడవాళ్ళ రాజ్యమని నేను అనడం లేదు. కానీ "అనాదిగా ఆడదాని పేరు మారుతూనే వుంది" అన్నవాళ్ళకి రెండో శతాబ్దం నాటి ఈ తల్లి జవాబు చెబుతుంది.

మన ఉప్పల్ నుంచే వరంగల్ బస్సులు బయలుదేరుతాయి కదా, ఒకసారి ఆ బస్సెక్కి ఓరుగల్లు దాకా వెళ్దాం. కాకతి రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా పాలించింది. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతుర్ని కొడుకులా పెంచి రుద్రదేవుడన్న పేరుతో సింహాసనమెక్కించాడు. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుల వీరభద్రుడు. ఆయన వంశం తక్కువదేమీ కాదు. అయినా ఆమెను చాళుక్య రుద్రమ అని ఎవరైనా అన్నారా? కాకతి రుద్రమే. ఆమె తరువాత రాజైన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. రుద్రమ మనుమణ్ణి దత్తు చేసుకుంది. రెండు తరాల ఆడపిల్లల మీదుగా ఇంటిపేరు నిలిచింది. రాజ్యం వున్న ఇంట్లో కూతురి పేరు ఇలా నిలబడింది గాని, రాజ్యం లేని ఇళ్ళల్లో కూతుళ్ళ మాట శాసనాలకెక్కలేదు. అది కూడా గుర్తుంచుకోవాలి.

రాజుల్ని వదిలేసి కవయిత్రుల దగ్గరికి వద్దాం. తాళ్ళపాక తిమ్మక్క అన్నమాచార్యుల వారి భార్య, సుభద్రా కల్యాణం రాసిన ఇల్లాలు. తాళ్ళపాక మెట్టినింటి పేరు. ఆతుకూరి మొల్ల రామాయణం రాసింది, తండ్రి కేసన. ఆతుకూరి పుట్టింటి పేరు. తరిగొండ వెంగమాంబ సంగతి చూడండి. చిన్నతనంలోనే భర్త పోయాడు. తరిగొండ ఆమె పుట్టిన ఊరు. పుట్టింటి పేరూ కాదు, అత్తింటి పేరూ కాదు, ఊరి పేరుతోనే లోకం ఆమెని పిలిచింది. ఇప్పటికీ తిరుమలలో అన్నప్రసాదం తినే భవనానికి ఆమె పేరే. అలాగే సంగీతంలో బెంగుళూరు నాగరత్నమ్మ, ఆమెకీ ఊరి పేరే ఇంటిపేరు. ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చు వేయించి కేసుల పాలైన ధీశాలి ఆమె. తల్లి నుంచి కూతురికి ఇల్లూ, విద్యా వచ్చే సంప్రదాయంలో పుట్టిన మనిషికి భర్త ఇంటిపేరు అక్కర్లేకపోయింది.

ఒకే దేశంలో, ఒకే భాషలో ఇన్ని రకాలు వుండేవి. మరి ఇప్పుడున్నట్టు అందరికీ ఒకే పద్ధతి ఎప్పుడు బిగిసింది? అచ్చు పుస్తకాలూ, స్కూలు రిజిస్టర్లూ, ప్రభుత్వ కాగితాలూ వచ్చాక. నా ఉద్దేశ్యం అది. ఊళ్ళో "ఫలానా వారి కోడలు", "ఫలానా వాడి తల్లి" అంటే సరిపోయిన రోజుల్లో ఆడదానికి రాతపూర్వకమైన పేరు అవసరమే రాలేదు.

అచ్చయిన పేర్లతో చిక్కు ఎలా వచ్చిందో ఒక అక్కాతమ్ముళ్ళ కథ చెబుతుంది. భండారు అచ్చమాంబ గారు 1874లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. 1902లో వచ్చిన ఆమె 'ధనత్రయోదశి'ని తెలుగులో తొలి కథల్లో ఒకటిగా లెక్కపెడతారు. ప్రాచీన కాలం నుంచి దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు ఏరి కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1901లో మన సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపించిన పెద్దల్లో ఆయన ఒకరు. తమ్ముడు చదువుకుంటూంటే పక్కన కూర్చుని అక్క అక్షరాలు నేర్చుకుంది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే పుస్తకాల మధ్య పెరిగినవాళ్ళు. కానీ లైబ్రరీలో బీరువా తీస్తే ఒకరు 'భ' దగ్గర వుంటారు, ఒకరు 'కొ' దగ్గర వుంటారు. తెలియనివాళ్ళకి వీళ్ళు అక్కాతమ్ముళ్ళని తట్టనే తట్టదు. ఇంటిపేరు మారితే నష్టమేముంది అనేవాళ్ళకి నేను ఈ బీరువానే చూపిస్తాను. 1905లో ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండా ఆమె పోయారు. ఇంకొన్నాళ్ళు బతికి వుంటే ఆ బీరువాలో ఆమె అర ఎంత నిండేదో.

మన హైదరాబాదులోనే పుట్టిన సరోజినీ నాయుడు గారి పేరులో ఇంకో విచిత్రం వుంది. ఆమె 1879లో అఘోరనాథ చటోపాధ్యాయ గారి కూతురుగా పుట్టింది. 1898లో డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు గారిని కులాంతర వివాహం చేసుకుంది. తెలుగు పద్ధతి ప్రకారం ఆమె ముత్యాల సరోజిని కావాలి. కాలేదు. ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో పేరు చివర వున్నదే ఇంటిపేరనుకుని నాయుడు అయింది. ఆ తరువాత మన ఆఫీసర్ల భార్యలంతా మిసెస్ రావు, మిసెస్ రెడ్డి అయిపోయారు. రావు ఇంటిపేరా? రెడ్డి ఇంటిపేరా? మన నాయనమ్మల నాడు రెడ్డిగారి భార్య కూడా రాజమ్మో, లక్ష్మమ్మో, నర్సమ్మో. "మిసెస్" అన్న మాట వెనక ఇంగ్లండు చట్టం ఒకటి వుంది. పెళ్ళయితే భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి, ఆ మనిషి భర్త. 1882లో చట్టం మార్చేదాకా అక్కడ పెళ్ళయిన స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కు లేదు. అటువంటి దేశం నుంచి వచ్చిన మర్యాదని మనం పెద్దింటి మర్యాద అనుకుని నెత్తిన పెట్టుకున్నాం. ముస్లిం ఇళ్ళల్లో ఆడవాళ్ళు బేగం, బీబీ, ఖాతూన్ అని వుండేవారు. అక్కడా కొత్త పద్ధతి వచ్చింది. హుమాయూన్ నగర్‌లో సఫ్దరియా బాలికల పాఠశాల పెట్టిన సుగ్రా హుమాయూన్ మీర్జా గారు భర్త పేరును తన పేరు వెనక చేర్చుకున్న రచయిత్రి.

దుర్గాబాయి గారి పేరు ఇందుకు మరో మెట్టు. రాజ్యాంగ సభ చర్చల్లో వందలసార్లు కనిపించే పేరు శ్రీమతి జి. దుర్గాబాయి. తెలుగు పద్ధతిలో ముందు ఒక అక్షరం, తరువాత తన పేరు. అప్పటికే, 1937లో, ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆమె ప్రసిద్ధురాలు. 1953లో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నాక దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు. విద్యానగర్ ఆసుపత్రి బోర్డు మీద చదివేవాళ్ళలో ఆమె మరాఠీ ఆవిడ అనుకునేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. రాజమండ్రి పిల్ల అమ్మా అని చెప్పవలసి వస్తుంది.

ఇక రచయిత్రుల్లో మాలతీ చందూర్ గారు భర్త ఇంటిపేరును చివర వుంచుకున్నారు. మద్దాలి వారమ్మాయి ఛాయాదేవి గారు అబ్బూరి ఛాయాదేవిగానే మనందరికీ తెలుసు. నాయని సుబ్బారావు గారి కుమార్తె కృష్ణకుమారి గారు నాయని కృష్ణకుమారిగానే రాశారు. రంగనాయకమ్మ గారి తొలి నవలల అట్టల మీద ముప్పాళ అని వుండేది, తరువాతి అట్టల మీద ఒట్టి రంగనాయకమ్మ. నలుగురూ నాలుగు దారులు. చదివే మనకి ఏ ఇబ్బందీ కలగలేదు.

పేరు చెప్పుకోవడమే తెలియని ఆడవాళ్ళ సంగతీ ఇక్కడే చెప్పాలి. స్వతంత్రం వచ్చాక మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితా రాయడానికి గుమాస్తాలు ఇంటింటికీ వెళ్ళారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎంతోమంది స్త్రీలు "ఫలానావాడి భార్యను", "ఫలానావాడి తల్లిని" అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదాయె. అలాంటివి ఒప్పుకోమని ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ గట్టిగా పట్టుబట్టారు. దేశంలో ఇంచుమించు 8 కోట్లమంది స్త్రీ ఓటర్లుంటే, దాదాపు 28 లక్షలమంది పేర్లు జాబితా నుంచి పోయాయి. పేరు లేనందుకు ఓటు పోయింది. ఇది వినడానికి ఎక్కడిదో కథలా వుంటుంది గాని, కాగితం మీద పేరు సరిపోలకపోతే పని ఆగిపోవడం మనకి ఇవాళా వుంది. ఆ మధ్య ఒక బ్యాంకులో "సర్టిఫికెట్టులో వున్న మనిషీ, ఆధార్‌లో వున్న మనిషీ మీరొక్కరేనని రుజువేమిటి?" అని నన్ను నిలబెట్టి అడిగారు. పదో తరగతి దాకా చదివింది ఒకావిడ, కాపురం చేస్తున్నది ఇంకొకావిడ అన్నట్టు మాట్లాడారు. హబ్సిగూడలో సి.సి.ఎం.బి. లాంటి పరిశోధనా సంస్థలున్నాయి కదా. పెళ్ళికి ముందు ఒక పేరుతో, తరువాత ఒక పేరుతో వ్యాసాలు అచ్చయితే ఆ రెండూ ఒకే మనిషి పని అని లోకానికి ఎవరు చెబుతారు? చదువుకున్న అమ్మాయిలు అందుకే వెనకాడుతున్నారు. అది పొగరు కాదు.

ఊళ్ళ పేర్లు కూడా మారతాయిలెండి. మన ఉప్పల్ అసలు పేరు ఉప్పల్ కలాన్. కలాన్ అంటే పారసీలో పెద్దది. హైదరాబాదు జిల్లాలో వున్నది, 1978లో రంగారెడ్డి జిల్లా అయింది, 2007లో మునిసిపాలిటీ పోయి మహానగరంలో కలిసింది, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. ఇన్ని ఇంటిపేర్లు మారినా ఆ నేల మీద ఎవరి పట్టా వాళ్ళ దగ్గరే వుంది.

పట్టా అన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. ఇంటిపేరు మారడం వెనక వున్నది భాగం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పొలాలు ఒకప్పుడు ఎకరాల లెక్క, ఇప్పుడు గజాల లెక్క. భూములు ప్లాట్లయినప్పుడు అన్నదమ్ములు పంచుకున్నారు. అక్కచెల్లెళ్ళకి పసుపు కుంకుమలని చెప్పి చీరా రవికా పెట్టి, కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్న ఇళ్ళు ఎన్నో. మా పక్క సందులో ఒక పెద్దావిడ వుంది. "నువ్వెందుకు అడగలేదు పెద్దమ్మా?" అంటే, "ఇంటిపేరు మారె, ఊరు మారె. ఇంక పుట్టింటి భూమి అడిగితే మనుషులు ఏమనుకుంటరు బిడ్డా?" అంది. చూశారా, పేరు మారడమే హక్కు పోవడమని ఆమె నమ్మింది. ఆమె చేత అలా నమ్మించారు. ఇల్లరికపు అల్లుడి సంగతి చూడండి. రాయలసీమ, కోస్తా జిల్లాల్లో ఇల్లటం అల్లుడికి మామగారి ఆస్తిలో భాగం వుందని మద్రాసు కోర్టులు ఏనాడో ఒప్పుకున్నాయి. అయినా సొంత పుట్టింటి ఆస్తిలో అతని హక్కు పోలేదు. మగవాడు అత్తారింటికి వెళితే రెండూ వుంటాయి, ఆడది వెళితే ఒకటి పోతుంది. ఇదేం లెక్కో!

నాచారం వాళ్ళకి రామకృష్ణా స్టూడియో గురించి చెప్పనక్కర్లేదు. 1976లో ఆ స్టూడియో పెట్టిన నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా వుండగా, హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రంలో సవరణ తెచ్చారు. 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. 1956 చట్టంలో లేనిది అది, దేశానికే ముందడుగు. కానీ అందులో ఒక మెలిక వుంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఆ హక్కు లేదు. ఒకే ఇంట్లో పెద్దమ్మాయికి 1984లో పెళ్ళయి, చిన్నమ్మాయికి 1986లో అయిందనుకోండి. చిన్నమ్మాయి భాగస్థురాలు, పెద్దమ్మాయి చుట్టం! పెళ్ళయితే ఆడపిల్ల ఆ ఇంటిది కాదన్న పాత మాటే చట్టంలో అలా కూర్చుంది. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి ఆ తేడా తీసేసింది. పెళ్ళయినా కాకపోయినా కూతురు కూతురే. 2005 నాటికి తండ్రి బతికి వుండాలా అన్న వివాదాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చింది అంది. పెళ్ళిళ్ళయ్యాక రామారావు గారి కూతుళ్ళు దగ్గుబాటి పురందేశ్వరి, నారా భువనేశ్వరి అయ్యారు. నందమూరి అన్న ఇంటిపేరు లేనంత మాత్రాన వాళ్ళు ఆయన కూతుళ్ళు కాకపోయారా? మా పెద్దావిడకి నేను ఇదే చెప్పాను. ఆమె నవ్వి, "గిది నాకు ఇరవై ఏండ్ల కింద చెప్పేది వుండె" అంది.

బయటి దేశాల ఊసు రెండు ముక్కల్లో చెబుతాను. జపానులో 1876లో ప్రభుత్వమే భార్యలు పుట్టింటి పేరుతో వుండాలని ఆజ్ఞ ఇచ్చింది. 1898లో చట్టం తిరగేసి ఇద్దరికీ ఒకే ఇంటిపేరు అంది. ఆ ఒక్క పేరు ఎవరిదైనా కావచ్చునన్నా, నూటికి 95 మంది ఆడవాళ్ళే మార్చుకుంటున్నారు. ఆ చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2015లోనూ, 2021లోనూ సమర్థించింది. కెనడాలోని క్విబెక్‌లో 1981 నుంచి ఇందుకు తలకిందులు, పెళ్ళయినా పుట్టుకతో వచ్చిన పేరే. అటు బలవంతమూ, ఇటు బలవంతమూ నాకు రుచించవు. ఇష్టంగా మార్చుకునే పిల్లని మార్చుకోనివ్వాలి. భర్త ఇంటిపేరు ముద్దుగా రాసుకుని చూసుకోని కొత్త పెళ్ళికూతురు ఎవరు చెప్పండి?

మన దేశంలో పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని చెప్పే చట్టం ఏదీ లేదు. 1955 హిందూ వివాహ చట్టం ఈ ఊసే ఎత్తదు. పాస్‌పోర్టు కోసం పెళ్ళయిన స్త్రీ పేరు మార్చుకోనక్కర్లేదని 2017లో ప్రధానమంత్రే ప్రకటించారు. కాబట్టి ఆఫీసులో ఎవరైనా "రూలు అమ్మా" అంటే, "ఆ రూలు కాస్త చూపించు నాయనా" అనవచ్చు.

మార్చుకోని పిల్ల పెళ్ళి రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు తప్పకుండా తీసుకోవాలి. ఫలానా పేరుగల పిల్ల ఫలానావారి భార్య అని అది చెబుతుంది. మార్చుకున్న పిల్ల గెజెట్‌లో పేరు మార్పు ప్రకటన వేయించుకుంటే, పాత పేరూ కొత్త పేరూ ఒకే మనిషివని రుజువు చేతిలో వుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్టు పుట్టింట్లో వదిలేసి రాకండి. పుట్టింటి భాగం మాట వచ్చిన రోజున తండ్రి పేరు పక్కన మీ పేరు కనబడే కాగితాల్లో అదొకటి. పెళ్ళి సర్టిఫికెట్టూ, గెజెట్ వుంటే అదీ, బడి కాగితాలూ అన్నీ ఒక కవరులో పెట్టి, ఆ కవరు బీరువాలో ఏ అరలో వుందో మీ అమ్మాయికి కూడా చెప్పి వుంచండి.